పరలోకంలో ఓర్పుతో పనేముంది?

మా చర్చి సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు నాది. ఆ వారం పాఠం ఆత్మ ఫలం. పౌలు గలతీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలోని తొమ్మిది మాటలూ పిల్లలకు నోటికొచ్చు: ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. అప్పజెప్పడం అయ్యాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె చెయ్యెత్తింది. "టీచర్, పరలోకంలో ఏడుపు ఉండదు, ఆకలి ఉండదు, మనల్ని విసిగించేవాళ్ళు ఉండరు. మరి దీర్ఘశాంతం అక్కడ ఎందుకు? ఎవరికీ ఏ లోటూ లేకపోతే దయ ఎవరి మీద చూపిస్తాం? ఇక్కడ కష్టపడి నేర్చుకున్నదంతా అక్కడికెళ్ళాక వేస్టేనా?"

"మంచి ప్రశ్న, వచ్చే వారం మాట్లాడుకుందాం" అన్నాను. టీచర్లు ఆ మాట ఎప్పుడంటారో పిల్లలకు బాగా తెలుసు.

ఆ వారం రాత్రుళ్ళు కాస్త చదివాను. ఆ పిల్ల అడిగిందే రెండు వేల ఏళ్ళ కిందట ఇంకొకాయన అడిగాడు. ఆయన క్రైస్తవుడు కూడా కాదు. క్రీస్తుపూర్వం 45 ప్రాంతంలో రోమన్ వక్త సిసెరో 'హోర్టెన్సియస్' అని ఒక పుస్తకం రాశాడు. అది ఇప్పుడు లేదు, వేరేవాళ్ళు ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి. అందులో ఒక ముక్క సారాంశం ఇది: చనిపోయాక మనం పుణ్యాత్ముల దీవుల్లో హాయిగా ఉంటామనే అనుకుందాం. అక్కడ ప్రమాదమే లేదు, ధైర్యం ఎందుకు? ఎవరి సొత్తూ ఎవరూ ఆశించరు, న్యాయం ఎందుకు? అదుపు చేసుకోవాల్సిన ఆశలే లేవు, నిగ్రహం ఎందుకు? మంచికీ చెడుకీ మధ్య ఎంచుకోవడమే లేదు, వివేకం ఎందుకు? నాలుగు గొప్ప గుణాలనూ నాలుగు ప్రశ్నలతో ఇంటికి పంపేశాడు. ఇక మిగిలేది తెలుసుకోవడం అనే ఆనందం ఒక్కటే అన్నాడు.

ఈ ముక్క మన దాకా వచ్చిన దారి కూడా చెప్పుకోదగ్గదే. ఉత్తర ఆఫ్రికాలో కార్తేజ్ నగరంలో చదువుకుంటున్న అగస్టీన్ అనే కుర్రవాడు తన పంతొమ్మిదో ఏట ఆ పుస్తకం చదివి ఊగిపోయాడు. జ్ఞానం మీద తనకు మోహం పుట్టించింది అదేనని తర్వాత తానే రాసుకున్నాడు. కొన్ని దశాబ్దాలు గడిచాయి. కుర్రవాడు హిప్పో పట్టణానికి బిషప్పయ్యాడు. త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకం గురించి పెద్ద గ్రంథం రాస్తూ, పద్నాలుగో భాగంలో ఆ పాత పుస్తకంలోని ఈ ముక్కనే బయటికి తీసి దానితో వాదానికి దిగాడు. ఒకప్పుడు తన కళ్ళు తెరిపించిన పుస్తకమే అయినా, ఈ ఒక్క విషయంలో అది తప్పు అన్నాడు. ఆయన జవాబు చెప్పే ముందు మన భాషలోని ఒక చిక్కు విప్పుకోవాలి, లేకపోతే ఆ జవాబు చెవికి ఎక్కదు.

చిక్కంతా పుణ్యం, స్వర్గం అనే రెండు మాటల్లో ఉంది. తెలుగులో ఈ రెండూ జంటగానే తిరుగుతాయి. పుణ్యం అంటే దాదాపు బ్యాంకు బ్యాలెన్సు. దానం చేస్తే పెరుగుతుంది, అనుభవిస్తే తరుగుతుంది. 'క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి' అని గీత తొమ్మిదో అధ్యాయం. ఖాతా ఖాళీ కాగానే స్వర్గం నుంచి దిగిరావలసిందే. అందుకే హిందూ సంప్రదాయంలో కూడా స్వర్గం చివరి మజిలీ కాదు, మోక్షం వేరే ఉంది. ఆ సంప్రదాయంలో ఈ లెక్కకు దాని చోటు దానికుంది. మనం మాత్రం ఆ లెక్కను సగం విరిచి, తెలియకుండానే చర్చిలోకి మోసుకొచ్చాం. సమాధి కార్యక్రమంలో "ఎంత మంచి మనిషండీ, నేరుగా పరలోకమే" అనేస్తాం. మంచితనం చార్జీ, పరలోకం దిగే స్టేషను.

బైబిలు ఈ లెక్కను మొదట్లోనే తన్నేస్తుంది. సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగ ఖాతాలో ఏమీ లేదు. చివరి గంటలో ఒక్క మాట అడిగాడు. 'నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు' అనే జవాబు వచ్చింది. (పరదైసు పాత ఇరాన్ భాష నుంచి గ్రీకులోకి చేరిన మాట, గోడ కట్టిన తోట అని అర్థం. రాజుల ఉద్యానవనాలను అలా పిలిచేవారు.) ఈ ప్రవేశం మన సంపాదనా, దేవుడి దానమా అన్న గొడవతోనే పదహారో శతాబ్దంలో జర్మన్ సన్యాసి లూథర్ కాలంలో పడమటి చర్చి రెండు ముక్కలైంది. ఆ గొడవ పడిన లూథరన్లూ కేథలిక్కులూ 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కూర్చుని ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మనలోని ఏ యోగ్యత వల్లా కాదు, కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. లూథరన్ పల్లెలూ కేథలిక్ పల్లెలూ పక్కపక్కనే ఉన్న గుంటూరు జిల్లాలో ఆ సంతకాల సంగతి ఎందరికి తెలుసో మరి.

సరే, మంచితనం చార్జీ కాదు. అయితే మరి దేనికి? ఇక్కడే చాలామంది ప్రసంగీకులు దాటేస్తారు. కృతజ్ఞత కోసం అంటారు, సాక్ష్యం కోసం అంటారు. అవీ నిజమే. కానీ అసలు సంగతి నాకు మా బంధువుల ఇంట్లో అర్థమైంది. జర్మనీలో ఉద్యోగం చేసే కొడుకు తల్లిని తన దగ్గరికి తీసుకెళ్ళాడు. వీసా అతనే చూసుకున్నాడు, టిక్కెట్టు అతనే కొన్నాడు, ఆమెకు గది అతనే సిద్ధం చేశాడు. ఆమె రూపాయి ఖర్చు పెట్టలేదు. వెళ్ళాక తెలిసింది, అక్కడ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేనని. ఎదురింటావిడ నవ్వుతుంది, ఈమె నవ్వుతుంది, తలుపు మూసుకుంటారు. మూడేళ్ళ మనవడు మాత్రం కిండర్‌గార్టెన్‌లో పొద్దంతా ఆడి వచ్చి గలగలా జర్మన్ మాట్లాడతాడు. వాడు ఏ పరీక్షా పాసవలేదు, ఆ భాష మధ్య బతికాడంతే.

సద్గుణం అనే మాటను క్రైస్తవ ఆలోచనలో ఇలా పట్టుకోవాలని నాకనిపిస్తుంది. వీసా ఇంకొకరు ఇప్పించగలరు. అక్కడి భాష మాత్రం మన నోటికి రావాలి. దయ, సాత్వికం, సత్యం మాట్లాడటం ఇవన్నీ ఆ ఊరి భాషలోని అక్షరాలు. ఆ భాష కూడా కష్టపడి కొనుక్కునేది కాదు, ఆ భాష మాట్లాడేవాడితో బతుకుతుంటే వచ్చేది. పౌలు దాన్ని జీతం అనకుండా ఫలం అన్నది అందుకేనేమో. చెట్టుకు ఎవరూ కూలి ఇవ్వరు కదా.

నాలుగు, మూడు, ఆ పైన ఒకటి

క్రైస్తవ గ్రంథాల్లో సద్గుణాల పట్టికలు చాలా ఉన్నాయి. రెండో పేతురు పత్రిక 'మీ విశ్వాసమునందు సద్గుణమును, సద్గుణమునందు జ్ఞానమును' అంటూ మెట్లు కట్టుకుంటూ ప్రేమ దాకా వెళుతుంది. వీటన్నిటిలో ఎక్కువ కాలం నిలిచినది ఏడు గుణాల పట్టిక. అందులో నాలుగు గ్రీకుల నుంచి వచ్చాయి: వివేకం, న్యాయం, ధైర్యం, ఆశానిగ్రహం. ప్లేటో చెప్పినవే. నాలుగో శతాబ్దంలో మిలాన్ బిషప్ అంబ్రోజ్ వీటికి లాటిన్లో 'కార్డో' అనే మాట నుంచి పేరు పెట్టాడు. కార్డో అంటే తలుపు బందు. మిగతా మంచితనమంతా ఈ నాలుగు బందుల మీద తిరుగుతుందని భావం. ఇక మూడు పౌలు చెప్పినవి, మొదటి కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయం చివర్లో ఉన్నవి: 'విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును, వీటిలో శ్రేష్ఠమైనది ప్రేమయే.' మొదటి నాలుగూ ఏ మతం వాడైనా సాధనతో పెంచుకోగలిగినవి, ఈ మూడు మాత్రం దేవుడే మనసులో పోసేవి అని పాత పండితుల విభజన. ఆ విభజన మరీ గీత గీసినట్టు ఉంటుందని నేననుకోను.

ఇప్పుడు సిసెరోకు అగస్టీన్ చెప్పిన జవాబు. నువ్వు పనిని చూసి గుణం అనుకుంటున్నావు అన్నాడు, నా మాటల్లో చెప్పాలంటే. ధైర్యం అంటే ప్రమాదాన్ని ఎదుర్కోవడం అని నువ్వనుకున్నావు. అది ఈ లోకంలో ధైర్యం చేసే పని. దాని వేరు మాత్రం పట్టు వదలకుండా దేవుణ్ణి హత్తుకుని ఉండటం. వివేకం అంటే ఆయనకంటే ఏదీ ఎక్కువ అనుకోకపోవడం, ఆయనతో ఏదీ సమానం అనుకోకపోవడం. నిగ్రహం అంటే హాని చేసే దేనిలోనూ రుచి లేకపోవడం. న్యాయం అంటే సృష్టించినవాడి ఏలుబడిలో ఇష్టంగా ఉండటం. ప్రమాదం పోయినంత మాత్రాన హత్తుకోవడం ఆగిపోతుందా? ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత తామస్ అక్వినాస్ (1225–1274) అనే క్రైస్తవ పండితుడు ఇదే మాటను ఇంకాస్త పద్ధతిగా విడగొట్టాడు. ప్రతి గుణంలోనూ ఒక ముడిసరుకు ఉంటుంది, ఒక రూపం ఉంటుంది. ముడిసరుకు, అంటే భయాలూ ఆశలూ ఆస్తి తగాదాలూ, ఇక్కడే ఉండిపోతుంది, రూపం నిలుస్తుంది అన్నాడు.

ఇది పండితుల మాటలా ఉంటే ఆసుపత్రి వార్డులోకి రండి. మంచాన పడ్డ తల్లి పక్కన కూతురు మూడు నెలలు కూర్చుంది. రాత్రి రెండింటికి లేవడం, దుప్పట్లు మార్చడం, తల్లి చిరాకును భరించడం. చూసినవాళ్ళంతా "ఎంత ఓర్పు" అన్నారు. తల్లి కోలుకుని ఇంటికొచ్చింది. ఇప్పుడు రాత్రి మెలకువలు లేవు, చిరాకులూ లేవు. కానీ ఆ మూడు నెలల్లో ఆ కూతురికి ఒకటి అలవాటైంది. తల్లి ముఖం చూసి మనసు కనిపెట్టడం. ఇప్పుడు వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంది. ఓర్పులో కష్టం పోయింది, ఓర్పు దేనితో తయారైందో అది మిగిలింది. మా సండే స్కూలు పిల్లకు నేను చివరికి చెప్పింది ఇదే. "అయితే అమ్మకు జబ్బు రాకపోయినా అది నేర్చుకోవచ్చు కదా టీచర్" అంది. నేర్చుకోవచ్చు. కష్టం లేకపోతే గుణమే పుట్టదని వాదించేవాళ్ళు ఉన్నారు గానీ, పసిబిడ్డల మీద వచ్చే జబ్బులను చూశాక ఆ వాదన నాకు గొంతు దిగదు.

అగస్టీన్ దగ్గర ఇంకొక ఊహ ఉంది, నాకిష్టమైనది. పునరుత్థాన శరీరాల్లో లోపాలన్నీ పోతాయని చెబుతూనే, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల గాయాల మచ్చలు మాత్రం ఉంటాయేమో అంటాడు. అవి వికారంగా కనిపించవు, అందంగా ఉంటాయి అంటాడు. తిరిగి లేచిన యేసు చేతుల్లో మేకుల గుర్తులు శిష్యుడు తోమా చూశాడు కదా, మరి వీళ్ళకెందుకు ఉండకూడదు? ధైర్యంతో పని తీరిపోయిన చోట కూడా ధైర్యపడిన గుర్తు చర్మం మీద మిగిలి ఉంటుందన్నమాట.

ఎదురుచూపు ఎక్కడ ఆగుతుంది

విశ్వాసం, నిరీక్షణల సంగతి ఇంతకంటే గట్టి ముడి. ఇక్కడ తెలుగు బైబిలు మనకు పెద్ద సాయం చేసింది. అనువాదకులు ఆశ అనకుండా నిరీక్షణ అన్నారు. వాడుకలో నిరీక్షణ అంటే ఎదురుచూపే. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన తల్లుల కోసం పిల్లలు ఏళ్ళ తరబడి చూసేది అదే. రెండేళ్ళకో మూడేళ్ళకో శంషాబాద్ విమానాశ్రయంలో అద్దాల తలుపుల బయట నిలబడతారు. ట్రాలీ తోసుకుంటూ అమ్మ బయటికి వస్తుంది. ఆ క్షణం నుంచి ఎదురుచూపు లేదు. దానికి ఏదో అయిందని కాదు, అది దేనికోసం పుట్టిందో అది ఎదురుగా నిలబడింది. రోమా పత్రికలో పౌలు అడిగింది ఇదే: 'తాను చూచుచున్న దానికొరకు ఎవడు నిరీక్షించును?' విశ్వాసం కూడా అంతే. అదృశ్యమైనవి ఉన్నాయనడానికి రుజువు అని హెబ్రీ పత్రిక దాన్ని నిర్వచించింది. కంటికి కనబడ్డాక ఆ రుజువుతో పని లేదు. కనుక పరలోకంలో విశ్వాసమూ ఉండదు, నిరీక్షణా ఉండదు, ప్రేమ ఒక్కటే ఉంటుంది అని అక్వినాస్ తేల్చేశాడు. విమానాశ్రయంలో కూడా మిగిలేది అదే కదా.

బాగుంది. కానీ పౌలు 'యీ మూడును నిలుచును' అన్నాడే? అక్వినాస్ లాంటివాళ్ళు దీన్ని ఈ జీవితంలో నిలిచేవి అని చదువుతారు. వాళ్ళకంటే వెయ్యేళ్ళ ముందు, రెండో శతాబ్దంలో లియోన్ బిషప్ ఇరేనియస్ ఇంకోలా చదివాడు. రాబోయే లోకంలో కూడా మూడూ ఉంటాయి అన్నాడు. ఆయన చెప్పిన కారణం: దేవుడు అక్కడ కూడా ఎప్పుడూ నేర్పుతూనే ఉంటాడు, మనిషి ఎప్పుడూ నేర్చుకుంటూనే ఉంటాడు. ఇంకా నేర్చుకోవలసింది ఉందంటే, నేర్పేవాడి మీద నమ్మకమూ రేపటి మీద ఎదురుచూపూ ఉన్నట్టే. నన్నడిగితే ఇరేనియస్ వైపే మొగ్గుతాను. అమ్మ వచ్చాక కూడా "అమ్మ రేపు ఏం వండుతుందో" అని పిల్లలు పడుకుంటారు కదా, అదీ ఎదురుచూపే. కాకపోతే దానిలో టెన్షన్ లేదు.

ఈ ఇద్దరి తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పరలోకం గురించి రెండు వేర్వేరు చిత్రాలు దీని వెనక ఉన్నాయి. ఒకటి అంతా చేతికందేసిన చోటు. రెండోది ఎప్పటికీ తరగని చోటు.

మొదటి చిత్రానికి కేంద్రం దైవదర్శనం. 'ఇప్పుడు అద్దములో చూచినట్టు సూచనగా చూచుచున్నాము. అప్పుడు ముఖాముఖిగా చూతుము.' ఆ కాలపు అద్దం తోమిన లోహపు పళ్ళెం, బొమ్మ మసగ్గానే కనబడేది. కొండమీది ప్రసంగంలోని 'హృదయశుద్ధిగలవారు ధన్యులు; వారు దేవుని చూచెదరు' అన్న మాట కూడా ఈ దర్శనం గురించే. ఈ చూపు ఎప్పుడు దొరుకుతుందన్న దాని మీద ఒక పోపు తన కొలువునే కుదిపేశాడు. 1331లో మొదలుపెట్టి ఇరవై రెండో జాన్ పోపు వరసగా ప్రసంగాలు చేశాడు, పరిశుద్ధులకు సైతం పూర్తి దర్శనం చివరి తీర్పు తర్వాతే అని. పారిస్ పండితులు ఎదురు తిరిగారు. 1334లో మరణశయ్య మీద ఆయన ఆ అభిప్రాయం వెనక్కి తీసుకున్నాడు. తర్వాత వచ్చిన పన్నెండో బెనెడిక్ట్ 1336లో అధికారికంగా తేల్చాడు: శుద్ధి అయిన ఆత్మలు తీర్పు దాకా ఆగనక్కర్లేదు. మన సంతాప పోస్టర్ల మీద 'ప్రభువునందు నిద్రించిరి' అనీ 'మహిమలో ప్రవేశించిరి' అనీ రెండు రకాలుగా రాస్తామే, ఆ రెండు మాటల మధ్య దూరం అంతా ఆ వాదంలో ఉంది.

దర్శనం ఒక్కటే కథ అయితే పరలోకం మేఘాల మీద కళ్ళు మూసుకుని కూర్చోవడంలా తయారవుతుంది. బైబిలు చివరి రెండు అధ్యాయాలు చదివితే అలా ఉండదు. అక్కడ మనుషులు పైకి పోవడం లేదు, పట్టణం కిందికి దిగుతోంది. కొత్త భూమి, శరీరాలతో లేచిన మనుషులు. ఆ పట్టణం కొలతలు ఇంజనీరుకు మతి పోగొడతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానం, ఒక్కో వైపు 12,000 స్టేడియాలు, అంటే సుమారు 2,200 కిలోమీటర్లు. ఇంత ఎత్తు పట్టణంలో లిఫ్టులెలా అని అడిగేవాళ్ళకు సమాధానం మొదటి రాజుల గ్రంథంలో ఉంది: సొలొమోను కట్టిన మందిరంలో అతిపరిశుద్ధ స్థలం కూడా పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఇరవై మూరలే. ఏడాదికొకసారి ఒక్క ప్రధాన యాజకుడు మాత్రమే అడుగుపెట్టే ఆ గది ఇప్పుడు పట్టణమంతా అయింది. అందుకే ఆ అధ్యాయాలు రాసిన యోహాను 'దానిలో ఏ దేవాలయమును నాకు కనబడలేదు' అంటాడు. ఊరంతా గర్భగుడే అయ్యాక వేరే గుడి ఎక్కడ?

ఆ పట్టణం గుమ్మాలు వేయరు. రాజులు తమ మహిమను దానిలోకి తెస్తారు. చెట్టు ఆకులు జనాలను స్వస్థపరుస్తాయి. 'ఆయన దాసులు ఆయనను సేవించుదురు' అని కూడా ఉంది. అంటే పని ఉంది. న్యాయం, వివేకం లాంటివి అలమరలో పెట్టాల్సినంత ఖాళీ ఊరేం కాదు అది.

అయినా ఇంకొక భయం మిగులుతుంది, పిల్లలు బయటికే అడిగేది, పెద్దలు లోపల దాచుకునేది. బోరు కొట్టదా? కోటి ఏళ్ళు పాటలే పాడాలా? బెర్నార్డ్ విలియమ్స్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1973లో ఇదే వాదించాడు. 342 ఏళ్ళు బతికిన ఒక నాటక పాత్రను ఉదాహరణగా తీసుకుని, ఎంత మంచి జీవితమైనా అంతం లేకపోతే చప్పబడిపోతుందన్నాడు. దీనికి నాకు తెలిసిన మంచి జవాబు నాలుగో శతాబ్దానిది, ఇప్పటి టర్కీ ప్రాంతంలోని నిస్సా బిషప్ గ్రెగొరీది. 'ముందున్న వాటికొరకై వేగిరపడుచు' అనే పౌలు మాట పట్టుకుని ఆయన అన్నాడు: దేవుడికి హద్దు లేదు, కనుక ఆయనలోకి మనిషి ప్రయాణానికీ హద్దు లేదు. ప్రతి తృప్తీ ఇంకాస్త పెద్ద ఆకలిని పుట్టిస్తుంది, ఆ ఆకలి బాధించదు. పరిపూర్ణత అంటే ఎదుగుదల ఆగిపోవడం అని అప్పటిదాకా గ్రీకులు అనుకునేవారు. ఎదుగుతూనే ఉండటమే పరిపూర్ణత అని ఈయన తిరగేశాడు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఇది వెంటనే అందుతుంది. ముప్పై ఏళ్ళు తోడి రాగం పాడినవాడికి ఆ రాగం బోరు కొట్టదు, మొన్ననే మొదలుపెట్టినవాడికే కొడుతుంది.

ఎవరి పక్కన కూర్చుంటాం

ఇక చివరి ముడి. నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే. అక్కడ అందరూ సమానమేనా? కాదు అనే చాలామంది పాతవాళ్ళు అన్నారు. 1439లో ఫ్లోరెన్స్‌లో కూడిన చర్చి పెద్దల సభ, కొందరు దేవుణ్ణి ఇతరులకంటే పూర్తిగా చూస్తారని ప్రకటించింది. మరి వెనక వరసలో ఉన్నవాడికి కడుపు మండదా? ఇటలీ కవి దాంతే కావ్యంలో ఈ ప్రశ్ననే చంద్రమండలంలో, అంటే స్వర్గంలో అన్నిటికంటే కింది అంతస్తులో ఉన్న పికార్దా అనే స్త్రీని అడుగుతారు. ఇంకా పైకి వెళ్ళాలని లేదా అని. ఆమె నవ్వి, ఆయన చిత్తంలోనే మా శాంతి ఉంది అంటుంది. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికన్ ప్రసంగీకుడు జోనాథన్ ఎడ్వర్డ్స్ దీన్ని వంటింటి భాషలో చెప్పాడు: ఆనంద సముద్రంలో వేసిన పాత్రలన్నీ నిండే ఉంటాయి, చెంబు చెంబంత, బిందె బిందెంత. చెంబుకు బిందెను చూసి అసూయ లేదు, పైగా అదీ నిండిందని సంతోషం.

ఈ ఎడ్వర్డ్సే పరలోకం ప్రేమ లోకం అని 1738లో మహా ప్రసంగం చేశాడు. ఆయన ఇంట్లో బానిసలు ఉండేవారు. 1731లో న్యూపోర్ట్‌లో వీనస్ అనే పిల్లను కొన్న కాగితం ఇప్పటికీ ఉంది. ఆ ప్రసంగం రాసిన బల్లను బహుశా ఆ పిల్లే తుడిచి ఉంటుంది.

మనం నవ్వుకునే స్థితిలో లేం. బైబిలు చివరి పుస్తకం ప్రకటన ఏడో అధ్యాయంలో 'ప్రతి జనములోనుండియు ప్రతి వంశములోనుండియు' వచ్చిన లెక్కపెట్టలేని సమూహం గురించి మన చర్చీల్లో గొంతెత్తి చదువుతాం. అదే ఊళ్ళో రెండు పేటలకు రెండు చర్చీలు ఉంటాయి. బాప్తిస్మం ఒకటే, ప్రభువు బల్ల ఒకటే అంటూనే, పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి "వాళ్ళు ఏమిట్లు?" అని గొంతు తగ్గించి అడుగుతాం. కొన్ని చోట్ల సమాధుల తోటలో కూడా గీత ఉంది. ఒక బెంచీ మీద కూర్చోలేనివాళ్ళను ఒకే పట్టణంలో కలకాలం కూర్చోబెడితే ఏమవుతుంది? అక్కడికి చేర్చడం దేవుడికి కష్టం కాదు, దొంగనే చేర్చాడు. అక్కడ ఉండటం మనకు సుఖంగా ఉంటుందా అన్నదే నా అనుమానం. పక్కవాడి నిండుతనం చూసి సంతోషపడటం రానివాడికి ఆ ముత్యాల గుమ్మాలు, బంగారు వీధి అన్నీ ఒళ్ళంతా గుచ్చుకుంటాయి.

తప్పిపోయిన కుమారుడి కథలో నాకు ఎప్పుడూ పెద్దవాడే గుర్తొస్తాడు. చిన్నవాడు ఆస్తి తగలేసి వచ్చాడు, తండ్రి పరుగెత్తి మెడ మీద పడ్డాడు, విందు మొదలైంది. పెద్దవాడు పొలం నుంచి వస్తూ వాద్యాల చప్పుడు విని గుమ్మం బయటే ఆగిపోయాడు. లెక్క తీశాడు: 'ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే.' ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదు అన్నాడు. అబద్ధం ఒక్కటీ లేదు. కష్టపడ్డాడు, మాట మీరలేదు, ఏడు గుణాల్లో నాలుగు అతనిలో దండిగా ఉన్నాయి. 'నా తమ్ముడు' అనే మాట మాత్రం నోటికి రావడం లేదు, 'నీ కుమారుడు' అంటున్నాడు. తండ్రి బయటికి వచ్చి, 'నీ తమ్ముడు' అని ఆ మాట అందించి, లోపలికి రమ్మని బతిమాలాడు.

వెళ్ళాడో లేదో లూకా రాయలేదు. ఈ కథ చెప్పిన ఆదివారం మా పిల్లలు కూడా అదే అడిగారు. కొందరు వెళ్ళాడన్నారు, కొందరు లేదన్నారు. ఆ తొమ్మిదో తరగతి పిల్ల మాత్రం, "లోపల పాట అయిపోయేలోపు వెళ్ళాలి కదా టీచర్" అంది.